మొదటిసారి పట్టని బ్రేకు

పదకొండేళ్లుగా ఒక మనిషి పరువు నా దగ్గర ఉండిపోయింది. తిరిగి ఇవ్వాలని అనుకోని రోజు లేదు. ఇచ్చిన రోజూ లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను గోదావరిఖనిలో బొగ్గు గని వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. రాజయ్య అదే గనిలో డ్రైవరు. రిటైరయ్యాక ఒక స్కూలు బస్సు నడిపేవాడు. పాత ఇనుము కొట్టులో పడి ఉన్న, ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు ముక్కు లారీ ఒకదాన్ని మా కాలనీ వాళ్లం తెచ్చుకున్నాం. మేం పనిలో చేరిన కొత్తలో బొగ్గు అలాంటి లారీల్లోనే పోయేది. బాగుచేసే బాధ్యత నాది. ఏడాది పట్టింది. రంగు వేశాక అందరూ చుట్టూ తిరిగి చూసి మెచ్చుకున్నారు. అసలు కష్టాలు ఆ తర్వాతే మొదలయ్యాయి. రేడియేటర్ మరిగేది. సెల్ఫ్ తిరగకపోతే నలుగురు తొయ్యాలి. గేరు జారేది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి. రోజూ డైరీలో రాసుకోవడం, సరిచేయడం, కొట్టేయడం.

దసరా ఊరేగింపులో జమ్మి చెట్టు దాకా ఆ లారీయే ముందు నడవాలి. రాజయ్య నడపాలి. పండుగ ముందు రోజు పానలు, జాకీలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజలో ఉంచాం. పండుగ దాటేదాకా వాటిని ముట్టకూడదు. ఆ తర్వాత దండలు కట్టడానికి లారీని జరుపుతుంటే బ్రేకు పెడలు మెత్తగా కిందికి పోయింది. రెండోసారి తొక్కితే పట్టింది. పైపులో గాలి చేరింది. ఒక్క పానతో అయ్యే పని. పూజలోంచి తియ్యడానికి చెయ్యి రాలేదు.

సరే, అది ఆచారం అనుకుందాం. రాజయ్యకు ఒక మాట చెప్పడానికి ఏ ఆచారం అడ్డం వచ్చింది? “రెండుసార్లు తొక్కు” అంటే చాలు. చెప్పలేదు. నేను బాగుచేసిన బండిలో ఇంకా లోపం ఉందని, అందరూ మెచ్చుకుంటున్న పూట నా నోటితో అనడం ఇష్టం లేకపోయింది. ఇంకో కారణం ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను. లేదు.

కాలనీ దాటాక రోడ్డు పల్లం. బ్రేకు గట్టిగా తొక్కాల్సి వచ్చింది అక్కడే మొదటిసారి. లారీ ఆగలేదు. జనం చెల్లాచెదురయ్యారు. ఒకామె పడి చెయ్యి విరిగింది. లారీ గోడను గుద్దుకుని నిలిచింది.

“పొద్దుగాల్నే మొదలువెట్టినవా ఏందే కాకా? జమ్మి దాకన్న ఆగకపోతివి!” అని గుంపులో ఎవరో అరిచారు.

రాజయ్య దిగి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. “అన్నా, బ్రేకు దొరకలే. పొద్దటిసంది నేను చుక్క ముట్టలే. నువ్వన్న చెప్పరాదే!”

అందరూ నా వైపు చూశారు.

“పండుగ పూట గదా... ఏం చెప్తం,” అన్నాను.

ఆ మాటతో అయిపోయింది. దసరా రోజు డ్రైవరు తాగలేదంటే నమ్మడానికి మా దగ్గర ఎవరూ సిద్ధంగా ఉండరు. అది తెలిసే అన్నానా? తెలిసే అన్నాను.

మరునాడు పూజలోంచి పాన తీసి నేను చేసిన మొదటి పని ఆ గాలి తియ్యడం. తర్వాత కాలనీ పెద్దమనుషులు వచ్చి పెడలు తొక్కి చూశారు. గట్టిగా పట్టింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ వారంలోనే స్కూలు వాళ్లు రాజయ్యను రావద్దన్నారు. తాగి నడుపుతాడని పేరు పడ్డవాడికి పిల్లల్ని ఎవరు అప్పగిస్తారు? అతను మళ్లీ స్టీరింగు పట్టలేదు.

ఇప్పటికీ రెండు సందుల అవతలే ఉంటాడు. ఎదురుపడితే ఆగి నా మోకాళ్ల నొప్పి సంగతి అడుగుతాడు. అతనికి అనుమానం ఉందా? ఉంటే అంత మామూలుగా ఎలా అడుగుతాడు? తల ఊపి వచ్చేస్తాను. అలా తల ఊపడంలోనే అలిసిపోయాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. అతన్ని అడిగే ధైర్యం నాకు ఇంకా రాలేదు. కానీ ఇది ఒక్కచోటైనా ఉన్నదున్నట్టు ఉండాలి. రాజయ్య ఆ రోజు తాగలేదు. బ్రేకు పట్టదని నాకు ముందు రోజే తెలుసు.