మెత్తబడ్డ ఎలామ్ పెదనాన్న

ఆ ఆదివారం మా అలబామా చర్చిలో పాటలబడి ముగిశాక, ఎలామ్ పెదనాన్న ఎప్పటిలాగే కుడిచేత్తో తాళం వేసుకుంటూ రైలు పట్టాల మీదుగా ఇంటికి బయలుదేరాడు. ఆ బడే ఆయన ప్రాణం. తాను కట్టిన ప్రతి కీర్తననూ మాటలు ముట్టనివ్వకుండా ముందు స్వరాలతోనే పాడించేవాడు. ఒక్క స్వరం జారినా బల్ల గుద్ది ఆపేవాడు. ఆరోజు బడిలో వెర్డీ అత్త కావాలనే తప్పు పాడింది. ఆయన మా పెదాల వంకే చూస్తూ, బాగుందన్నట్టు తలాడించాడు.

"మా అన్న మెత్తబడ్డాడర్రా," అంది అత్త, చర్చి మెట్లు దిగుతూ. "వచ్చే ఏడాది గాడిద పాడినా మెచ్చుకుంటాడు." అందరం నవ్వాం. మలుపులో గూడ్సు బండి ఆగకుండా కూత వేస్తోంది. తప్పుకుంటాడులే అనుకున్నాం. దూరంగా ఆయన చెయ్యి తాళం వేస్తూనే ఉంది.

చలికాలం జ్వరంలోనే ఆయనకు రెండు చెవులూ పోయాయని, బడి మాన్పిస్తారని ఎవరికీ చెప్పనివ్వలేదని, సమాధి దగ్గర డాక్టరు చెప్పాడు.