నిద్రపోకూడని బటన్

మా వదిన పోయింది. ఆ కబురు నాకు చెప్పింది నోటితో మాట్లాడలేని మా పాప.

ల్యాబ్‌లో ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు. బయటికొచ్చి, "చెప్పు అన్నయ్యా" అన్నాను. అవతల ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. "నీకు పుణ్యముంటుంది, ఏదో ఒకటి అను" అన్నాను. అప్పుడు వెనక నుంచి టిక్ మని ఒక చప్పుడు, కాసేపాగి ఇంకొకటి, ఆ తర్వాత పాప మెషీన్ గొంతు వినిపించింది. "మామ్ ఈజ్ గాన్. ప్లీజ్ కమ్."

పాప అంటే మా అన్నయ్య ఒక్కగానొక్క కూతురు. అమెరికాలో మేముండే బాతెల్ ఊళ్లో హైస్కూల్‌కి వెళ్తోంది. పుట్టినప్పటి నుంచీ చేతులు, కాళ్లు, నాలుక తన మాట వినవు. తల మాత్రం కాస్త పక్కకి వాల్చగలదు. అందుకని వీల్‌చెయిర్‌కి చెంప దగ్గర ఒక గుండ్రటి బటన్ బిగించారు. ఎదురుగా లాప్‌టాప్ తెర మీద అక్షరాలు, మాటలు ఒకదాని వెంట ఒకటి వెలుగుతూ పోతాయి. కావలసినది వెలిగినప్పుడు పాప చెంపతో బటన్ నొక్కుతుంది. అలా కూర్చిన వాక్యాన్ని మెషీన్ పైకి చదువుతుంది. దాని నోరంటే ఆ బటనే.

మెషీన్‌కి ఇంగ్లీషే వచ్చు. అందుకని తెలుగు మాటలు కొన్ని వదినే తన గొంతుతో రికార్డు చేసి పెట్టింది. 'ఆకలేస్తోంది', 'ఇంక చాలు', 'అత్తా, కూర్చో'. పొద్దున స్కూల్ బస్సు వచ్చి గుమ్మం ముందు ఆగితే పాప 'వెళ్లొస్తాను' నొక్కేది. వదిన గొంతు "వెళ్లొస్తాను" అనేది. పక్కనే నిలబడ్డ వదిన "వెళ్లి రా తల్లీ" అనేది. నాకు నవ్వాగేది కాదు. "నీతో నువ్వే మాట్లాడుకుంటున్నావు వదినా, ఎవరైనా వింటే ఏమనుకుంటారు?" అనేదాన్ని. "ఏం చేయను మరదలా, మీ అన్నయ్యతో మాట్లాడదామంటే ఊఁ కొట్టడం తప్ప ఏం రాదాయె" అనేది. నిజమే, మా అన్నయ్య నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం పెట్టాలి.

వదినది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏం చేస్తావని అడిగితే "జోల పాడతాను" అనేది. కంప్యూటర్‌కి తగిలించిన ప్రతి వస్తువునీ కంప్యూటర్ ఓ కంట కనిపెడుతూ ఉంటుందట. కాసేపు ఉలుకూ పలుకూ లేకపోతే, దీనికి పని లేదనుకుని కరెంటు ఆపి పడుకోబెడుతుంది. అలా బ్యాటరీ మిగులుతుంది. ఆ 'కాసేపు' ఎంతసేపో తేల్చే టీములో ఉండేది మా వదిన.

ఒకసారి వాళ్ల టీము ఆ గడువును బాగా తగ్గించింది. తగ్గించాల్సిందేనని మీటింగుల్లో పట్టుబట్టిందే వదిన. బ్యాటరీ ఎక్కువసేపు వస్తోందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు, కేకు కూడా కోశారు. అదే వర్షన్ ఇంట్లో పాప లాప్‌టాప్‌లోనూ వేసింది. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి పాప ముఖమంతా ఎర్రబడి ఉంది. చెంపతో బటన్‌ని కొడుతోంది, కొడుతోంది, మెషీన్ పలకదు. పాప ఒక మాట కోసం తెర వంక చూస్తూ కాచుకుని ఉంటే, ఆ కాస్త సేపట్లోనే కంప్యూటర్ బటన్‌ని నిద్రపుచ్చేస్తోంది, ఆ తర్వాత ఎంత నొక్కినా అది లేవడం లేదు. వదిన సంగతి కనిపెట్టి, నేల మీద చతికిలబడింది. "నా కూతురి నోరు నేనే నొక్కేశానే" అంటూ ఒకటే ఏడుపు. నేను ఎన్ని చెప్పినా ఊరుకోలేదు.

మర్నాడు ఆఫీసులో గట్టిగానే వాదించిందట. కదలకుండా ఉన్నదల్లా ఖాళీగా ఉన్నట్టు కాదు, వంతు కోసం కాచుకున్నవీ ఉంటాయి అని. అందరికీ బ్యాటరీ కలిసొస్తోంది కదా, మీ ఇంట్లో టిక్కు తీసేసుకోండి అన్నారట వాళ్లు. 'కరెంటు ఆదా కోసం కంప్యూటర్ ఈ డివైస్‌ని ఆపవచ్చు' అని ఒక చిన్న గడి, అందులో టిక్కు ఉంటుంది. ఆ టిక్కు తీసేస్తే ఇక దాని జోలికి రాదు. "వాళ్లన్నదీ తప్పు కాదు మరదలా. కానీ టిక్కు తియ్యమని అడగాలన్నా నోరుండాలి కదే" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆ టిక్కు వైరు గుచ్చే ఒక్కో పోర్టుకి విడిగా ఉంటుంది. అన్నిటికీ తీసేస్తే స్కూలయ్యేదాకా బ్యాటరీ రాదు. అందుకని వదిన బటన్ వైరు పెట్టే పోర్టు ఒక్కదానికే తీసేసి, అది గుర్తుండడానికి తన నుదుటి మీది మెరూన్ స్టిక్కర్ బొట్టు తీసి దాని పక్కన అంటించింది. స్కూల్లో హెల్పర్‌కి కూడా అదే పాఠం. "ఓన్లీ బిసైడ్ ద బొట్టు." ఆ అమెరికన్ ఆవిడ బొట్టు అనే మాట మా పిల్లలకంటే చక్కగా పలికేది.

ఇంతా చేస్తే, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ టిక్కు పిలవని పేరంటానికి వచ్చినట్టు మళ్లీ వచ్చి కూర్చునేది. అందుకే మా వదినకి పొద్దున లేవగానే కాఫీ కంటే ముందు ఆ గడి చూడడం అలవాటు. పాప లేచేసరికి దాని నోరు దానికి సిద్ధంగా ఉండాలి.

ఆ ఇంటికి వెళ్లి ఒట్టి చేతులతో కూర్చున్నవాళ్లు లేరు. ఎవరైనా "పాపా, హౌ ఈజ్ స్కూల్?" అని అడిగి, జవాబు వచ్చేలోపే "ఎలా చదువుతోందండీ?" అని వదిన వైపు తిరిగితే, వదిన వాళ్ల ఒళ్లో ఇన్ని చిక్కుడుకాయలు పోసేది. "ఈనెలు తీస్తూ ఉండండి అంకుల్, ఈలోపు చెప్తుంది." పెద్ద పెద్ద కంపెనీ డైరెక్టర్లు కూడా తల వంచుకుని చిక్కుడుకాయలు ఒలిచారు ఆ సోఫాలో. కాయలు సగం అయ్యేసరికి మెషీన్ పలికేది. "ఇట్ ఈజ్ బోరింగ్, లైక్ యువర్ క్వశ్చన్." అందరూ గొల్లుమనేవారు. మౌనం అర్ధాంగీకారమని ఎవరైనా అంటే వదినకి ఒళ్లు మండేది. "ఆ సామెత మా ఇంట్లో చెల్లదు. మా ఇంట్లో మౌనమంటే 'ఆగు, వస్తున్నా' అని" అనేది.

వదినకి జబ్బు ముదిరి, ఇక మందులు వద్దని డాక్టర్లు చెప్పేశాక ఒక మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లాప్‌టాప్ తెరిచింది. చేతి మీద నరాలన్నీ నీలంగా కనపడుతున్నాయి. "నేర్చుకో" అంది.

"అన్నయ్యకి నేర్పొచ్చుగా" అన్నాను.

"అడిగా. నువ్వుండగా నాకెందుకు అని లేచి వెళ్లిపోయాడు. నేర్చుకుంటే నేను వెళ్లిపోతానని భయం, పిచ్చి మనిషి. నువ్వైతే ఏడుస్తూనే నేర్చుకుంటావు."

ఏడుస్తూనే నేర్చుకున్నాను. పోర్టుల జాబితాలో ఒకే పేరుతో ఉన్న వరసల్లో ఏది మనదో ఎలా పోల్చుకోవాలో, ఎక్కడ నొక్కితే ఆ గడి వస్తుందో నా చేతే మళ్లీ మళ్లీ చేయించింది. అలిసిపోయి దిండుకి ఆనుకుని, "నేను పోయాక దానికి అన్నం పెట్టేవాళ్లు ఉంటారే. టిక్కు తీసేవాళ్లు ఉండాలి" అంది. ఏ తల్లి అయినా పిల్లని అప్పగించేటప్పుడు ఏమేమో చెబుతుంది. మా వదిన అప్పగింత ఇంతే.

కర్మలన్నీ అయ్యాక ఒక ఆదివారం మా కాలనీ క్లబ్‌హౌస్‌లో అందరూ చేరారు. వదిన ఫొటోకి దండ. బయట మామూలే, వాన. కార్యక్రమం నడిపిస్తున్న అంకుల్ మైక్ తెచ్చి పాప లాప్‌టాప్ దగ్గర పెట్టి, "నౌ హర్ డాటర్ విల్ స్పీక్" అన్నారు.

పాప చెంప వాల్చింది. తెర మీద వెలుగు ఒక మాట నుంచి ఇంకో మాటకి పోతూనే ఉంది తప్ప ఎక్కడా ఆగలేదు. మళ్లీ వాల్చింది. ఏమీ లేదు. ఆ హాల్లో ఎవరి చేతుల్లోనూ చిక్కుడుకాయలు లేవు. ఎలా కాచుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఒకరు దగ్గారు, ఒకరు కళ్లు తుడుచుకున్నారు. "పాపం, ఎమోషనల్ అయిపోయింది. బలవంతం చేయొద్దు, నెక్స్ట్ ఎవరండీ?" అన్నారు అంకుల్.

పాప నా వైపు చూసింది. ఆ చూపు ఏడుపుది కాదు, కోపంది.

"ఆగండి!" అని అరిచాను. అంత గట్టిగా అరుస్తానని నేనే అనుకోలేదు. వెళ్లి చూస్తే వైరు బొట్టు పక్కనే ఉంది. పొద్దున లాప్‌టాప్ దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అయిందని అన్నయ్య అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. అప్‌డేట్. వదిన లేని ఇంట్లో వచ్చిన మొదటి అప్‌డేట్. ఆ జాబితా తెరిచాను. మన వరస, ఆ గడి, అందులో ఏమీ ఎరగనట్టు కూర్చున్న టిక్కు. తీసేశాను. "చెప్పు తల్లీ. ఎంతసేపైనా పర్లేదు" అన్నాను.

టిక్. ఇంకాసేపటికి టిక్. అందరూ కాచుకుని కూర్చున్నారు. "మై మామ్ వెయిటెడ్ ఫర్ ఎవ్రీ వర్డ్" అంది మెషీన్ గొంతు. అయిపోయిందనుకుని ఎవరో చప్పట్లకి చేతులెత్తారు. పాప కళ్లు తెర మీదే ఉన్నాయి. వెలుగు తెలుగు మాటల వరసలోకి దిగింది. చెంప వాలింది.

"వెళ్లొస్తాను."

మా వదిన గొంతు. హాలంతా స్పీకర్లలో మా వదిన గొంతు. ఫొటో ముందు ఆంటీలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆ మాటకి రోజూ బదులు చెప్పే మనిషి లేదు.

"వెళ్లి రా" అన్నాడు అన్నయ్య. మైక్ లేకుండానే చివరి వరస దాకా వినపడింది. బిడ్డతో అన్నాడో, భార్యతో అన్నాడో నేను అడగలేదు.

అందరూ వెళ్లాక నేను కుర్చీలు మడుస్తుంటే అన్నయ్య ఒక కుర్చీ లాక్కుని పాప పక్కన కూర్చున్నాడు. "ఆ టిక్కు ఎక్కడుంటుందో చూపించు" అన్నాడు. చూపించాను. ఆ వరస, ఆ గడి. కళ్లు మసకబారి మొదటిసారి కనపడలేదు, మళ్లీ చూపించమన్నాడు. తర్వాత వైరు గట్టిగా ఉందో లేదో చూడబోయి ఆగిపోయాడు. పోర్టు పక్కన బొట్టుకి జిగురు ఎండిపోయి ఒక అంచు పైకి లేచింది. అన్నయ్య దాని మీద బొటనవేలు పెట్టి మెల్లగా అదిమి, అది అంటుకునేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.