నాయిన అచ్చేసిన వెండి గీతలు

తొంభైల చివర్లో మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం లేచేనాటికి మా నాయిన బోరబండలో పెళ్లికార్డులు అచ్చేస్తుండేవాడు. ఒక కిరాయి గది, చెక్క చట్రానికి బిగించిన సన్నటి జాలీ, జాలీ మీద పోసిన ఇంకును లాగడానికి ఒక రబ్బరు పట్టీ. స్క్రీన్ ప్రింటింగ్ అంటే ఇంతే. ఇంటర్ అయ్యాక నేనూ అక్కడే ఉండి, అచ్చయిన కార్డులు ఆరబెట్టేదాన్ని.

ఒకరోజు పొద్దున ఒకామె ఆటో దిగి వచ్చింది. మాదాపూర్‌లో దవాఖానల మిషన్లకు బటన్ల పలకలు తయారుచేసే చిన్న కంపెనీలో ఇంజనీరట. మాట కోస్తా వైపుది. సంచిలోంచి పారదర్శకంగా ఉన్న ఒక ప్లాస్టిక్ కాగితం తీసి బల్ల మీద పరిచింది. దాని నిండా బూడిదరంగు గీతలు.

"బాబాయిగారూ, ఇవి మేమే అచ్చేశాం. కాగితం వంచితే చాలు, కరెంటు ఆగిపోతోందండి."

"కరెంటా? దీంట్ల తీగ యాడుంది మేడం?"

"తీగ లేదండి. ఆ గీతే తీగ. ఇంకులో వెండి పొడి ఉంటుంది."

ఎగతాళి చేస్తోందనుకుని నాయిన నవ్వాడు. ఆమె గీత ఒక కొసకు బ్యాటరీ, రెండో కొసకు చిన్న ఎర్ర బల్బు ఆనించి, ఆ రెంటినీ ఒక వైరుతో కలిపింది. బల్బు వెలిగింది. నాయిన నవ్వు ఆగిపోయింది. కాగితాన్ని కొద్దిగా వంచగానే బల్బు ఆరిపోయింది.

"ఇరవై ఏండ్ల సంది ఇంకు లాగుతున్న. దాని మీదికెల్లి కరెంటు నడుస్తదని ఎవలూ చెప్పలే," అన్నాడు.

తర్వాత భూతద్దం తీసి గీతల మీదికి వంగాడు. కాసేపు చూసి నన్ను పిలిచాడు. "అంచు జూడు బిడ్డా, రంపం పండ్ల లెక్కున్నది." నిజమే. గీత కొన్నిచోట్ల వెంట్రుకంత సన్నబడి ఉంది. "జాలీ దారం గీత పక్కపొంటి పోతే అంచు గిట్లనే కొరుకుతది మేడం. సన్నగున్న కాడనే పగులుతున్నది. జాలీని జర ఏటవాలుగ బిగించాలె."

పెళ్లికార్డుల చుట్టూ సన్నటి అంచు గీతలు వేసీ వేసీ నేర్చుకున్న సంగతి అది. ఆమె నోట్‌బుక్ తీసి బొమ్మ గీసుకుంది. "ఇది మాకెవరికీ తట్టలేదండీ," అంది.

మర్నాడు కొత్తగా బిగించిన చట్రాన్ని ఒళ్లో పెట్టుకుని నాయిన స్కూటర్ మీద కూర్చున్నాను. దారంతా బండలు, దుమ్ము, సగం లేచిన గోడలు. వాళ్ల కంపెనీ గదిలో మాత్రం దుమ్మన్నదే లేదు. మొదటి కాగితం మీద ఇంకు ఎక్కువై గీతలు అలుక్కుపోయాయి. రెండోదీ చెడింది. మూడోదాన్ని ఒక్క లాగుకు దింపాడు. ఓవెన్‌లో ఆరాక ఆమె బల్బు ఆనించి, కాగితాన్ని తన వేలికి చుట్టింది.

బల్బు ఆరలేదు.

ఆ గీతను తాకి చూశాను. వేలికి ఏమీ తగలలేదు. ఇంత పలచటి దాంట్లో కరెంటు ఎక్కడ దూరి నడుస్తోందో నాకు అంతుపట్టలేదు. ఆమె కాగితాన్ని బల్బుతో సహా ఒక చిన్న యంత్రానికి తగిలించింది. దాని చెయ్యి కాగితాన్ని వంచుతుంది, చాపుతుంది, మళ్లీ వంచుతుంది. నాయిన దాని ముందు స్టూలు వేసుకుని సాయంత్రం దాకా లేవలేదు, బల్బూ ఆరలేదు. తెచ్చుకున్న సద్ది కూడా విప్పలేదు.

"ముందు ముందు ఇలాంటివి పట్టీలా ఒంటికి అంటించుకోవచ్చండి," అందామె. "టీవీని చాపలా చుట్టి మూల పెట్టుకునే రోజులూ వస్తాయి."

ఈసారి నాయిన నవ్వలేదు. "వస్తయేమో మేడం. ఇది జూసినంక ఏదీ కాదన బుద్ధయితలేదు."

వాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు గానీ నాయిన దుకాణం వదల్లేదు. వారానికి రెండు రోజులు వెళ్లి జాలీలు బిగించి వచ్చేవాడు. ఉద్యోగంలో చేరింది నేను. కొన్ని నెలలకు మా పలక బిగించిన మొదటి గుండె పరీక్ష మిషన్ తయారైంది. ఆమె నాయినను పడుకోబెట్టి ఛాతీకి వైర్లు తగిలించి, "బటన్ మీరే నొక్కండి బాబాయిగారూ," అంది. నొక్కాడు. తెర మీద పచ్చటి గీత ఎగిరెగిరి పడుతూ సాగింది.

"అది నా గుండెనేనా?"

"మీదేనండి."

నాయిన కళ్లు తిప్పుకోకుండా చూశాడు. "ఇదంత మన ఇంకే చేస్తున్నదా బిడ్డా?" అని మెల్లగా నన్నడిగాడు.

"కాదు నాయినా. నువ్వు బటన్ నొక్కిన సంగతి మిషన్‌కు చెప్పేది మాత్రమే మన ఇంకు."

"గంతేనా," అంటాడేమో అనుకున్నాను.

"అబ్బ," అన్నాడు. "గంత పని చేస్తున్నదా!"