అవ్వ చీర తొట్టెల

దయ్యాలను నేను నమ్మను. మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో కొలతలు సరిచూడటం నా ఉద్యోగం. కొలతకు అందనిది లేనట్టే అనుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో భయం కన్నా అసూయే ఎక్కువని ముందే ఒప్పుకుంటున్నాను.

తొలి కాన్పు కాబట్టి నా భార్య స్వప్న అలియాబాద్‌లో పుట్టింట్లో ఉంది. పాపకు తొమ్మిదో రోజున ఐదు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. పాలు తాగిన వేళ, తడిపిన గుడ్డలు, నిద్రపోయిన నిమిషాలు ఫోన్‌లో రాసుకునేవాణ్ణి. నేను ఎత్తుకుంటే మాత్రం ప్రతిసారీ ఏడ్చేది.

“బిందె పట్టినట్టు పట్టుకుంటె ఏడ్వదా అల్లుడా? జర చేతులు వదులు జెయ్యి,” అని అత్తమ్మ నవ్వేది.

పాత చీరతో కట్టిన తొట్టెలలో వేస్తే చాలు, ఊరుకునేది. తలుపు వైపే చూసేది. అక్కడికి వెళ్లి నిలబడితే నా భుజం పక్కనుంచి చూసేది.

నేను వెళ్లిన మూడో రోజు మధ్యాహ్నం అత్తమ్మ స్వప్నకు స్నానం చేయిస్తోంది. గదిలో నేనూ పాపా మాత్రమే. నేను ముట్టకుండానే తొట్టెల ఊగుతోంది. ఫ్యాన్ ఆపాను. కిటికీ మూశాను. పదకొండు నిమిషాలు ఊగింది. పాప అసలు కదల్లేదు.

మర్నాడు పాపంత బరువున్న బియ్యం మూట అందులో పెట్టి మూడుసార్లు ఊపి చూశాను. ఒక్కసారి కూడా రెండు నిమిషాలు దాటలేదు.

“తొట్టెల్ల బియ్యమేంది, ఊపుడేంది! నీకు నిద్ర సాల్తలేదు,” అంది అత్తమ్మ.

ఆ చీర ఎవరిదని అడిగాను. స్వప్న వాళ్ల అవ్వదట. స్వప్నను పెంచింది ఆమే. కాన్పుకు రెండు నెలల ముందు పోయింది.

“పిల్ల పుడితె నేనే ఊపుత, ఎవ్వల్ని ముట్టనియ్య అనేది,” అంది అత్తమ్మ కళ్లు తుడుచుకుంటూ.

ఎవ్వల్నీ! అంటే తండ్రిని కూడానా? నాకు ఒళ్లు మండింది. చీర విప్పేసి, శామీర్‌పేటలో స్ప్రింగు ఉయ్యాల కొనుక్కొచ్చి బిగించాను. సాయంత్రం దాకా పాప ఏడుస్తూనే ఉంది. పాలు కూడా తాగలేదు.

“నీ పంతానికి పిల్ల గొంతు పోతాంది,” అని స్వప్న అరిచింది.

చీర మళ్లీ నేనే కట్టాను. పాపను పడుకోబెట్టి చేతులు తీశాను. ఏడుపు ఆగింది. తొట్టెల దానంతట అదే ఊగసాగింది.

ఐదో రోజు మధ్యాహ్నం, బయలుదేరే ముందు, ఎవరూ లేనప్పుడు సిగ్గు విడిచి తలుపు వైపు తిరిగాను.

“అవ్వా, నేను పోతున్న. ఒక్కసారి నాకియ్యవా?”

ఊగుతున్న తొట్టెల ఆగింది. నెమ్మదించి నిటారుగా ఆగలేదు. నా వైపు ఒరిగి, ఆ ఒరిగిన చోటే నిలిచింది. పాపను ఎత్తుకున్నాక గానీ వెనక్కి పోలేదు.

పాప ఏడవలేదు. నలభై నిమిషాలు నా ఛాతీ మీద నిద్రపోయింది.

తాడు మెలి, దూలం వాలు, నా నిద్రలేమి, అన్నీ ఆలోచించాను. ఏదీ సరిపోలేదు. నా కూతురిని నేను ఒకరిని అడిగి తీసుకున్నాను. ఎవరిని అడిగానో ఇప్పటికీ చెప్పలేను.