పక్కన పెట్టే పళ్ళెం

కిటికీ తెరిస్తే చాలు, జీడిపిక్కలు కాల్చే పొగ గదిలోకి వచ్చేస్తుంది. పలాసలో పుట్టిన ముక్కులకు అదొక వాసనే కాదు. అయినా ఈమధ్య ఆ పొగ తగిలినప్పుడల్లా లాప్‌టాప్ మీద నా చేతులు ఆగిపోతున్నాయి. నీలమ్మ పిన్ని గుర్తొస్తోంది. నాకు చూడటం నేర్పిన మనిషి ఆవిడ. ఆవిడకు తన మీద తనకే నమ్మకం పోయేలా చేసినదాన్ని నేను.

ఇంటర్ సెలవుల్లో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి చేరాను. రోజూ పూండి నుంచి రైల్లో వచ్చే పిన్ని మా బల్లకు పెద్ద. పప్పును గుండు, బద్ద, ముక్కలుగా వేరుచేసి పుచ్చులు ఏరెయ్యడం మా పని. మొదటిరోజే నా చురుకుదనం చూపిద్దామని మచ్చ కనిపించిన ప్రతి పప్పునూ పుచ్చుల డబ్బాలోకి విసిరాను. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

“ఏటే ఆ తొందర? అనుమానంగా ఉన్నదాన్ని పారీకు, పక్కనెట్టు. సాయంత్రం ఎలుగులో సూద్దుం.”

సాయంత్రం అలా పక్కన పెట్టిన గింజల పళ్ళేన్ని గుమ్మం దగ్గరికి తెచ్చి, ఏ గింజను ఎవరు పక్కన పెట్టారో వాళ్ళనే పిలిచి అడిగేది. ఎవరైనా నవ్వబోతే ఊరుకునేది కాదు. “కనిపించిందన్న మనిసి అబద్దమాడదు. మనకి కనిపించనేదంటే మనం సరిగ్గా సూడనేదన్నమాట” అనేది.

తర్వాత నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడ్డాను. ఇంటి నుంచే పని. తీరిక వేళల్లో కొందరు మిత్రులతో కలిసి కిడ్నీ రోగులకు మందుల వేళనూ, డయాలసిస్ రోజునూ గంట మోగించి గుర్తుచేసే ఒక యాప్ చేస్తున్నాను. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, చేతనైనవాళ్ళు సరిదిద్దవచ్చు. అందులో లోపాల జాబితా నాది. వచ్చిన ఫిర్యాదును పరీక్షించి, సరిచేయగలిగిన వారికి అప్పగించి, పని అయ్యాక మూయాలి. తేలనివాటికి ‘పక్కన పెట్టినవి’ అని ఒక వరుస పెట్టాను. ఫిర్యాదు చేసినవారిని అడగకుండా ఏదీ మూయకూడదని నియమం కూడా పెట్టాను. పిన్ని పళ్ళెమే అది.

మా ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న ఆ కిడ్నీ జబ్బు పిన్నినీ వదల్లేదు. డయాలసిస్ లేని రోజుల్లో మాత్రం బల్ల దగ్గరికి వచ్చేది. ఆవిడ ఫోన్లో యాప్ నేనే వేశాను. కొన్నాళ్ళకు ఫోన్ చేసింది.

“పాపా, నీ గంట ఒక్కోపాలి మోగట్నేదే. నిన్న మందేసుకోడం మర్సిపోనాను.”

ఆ ఫిర్యాదును జాబితాలో నేనే రాసి, నా ఫోన్లో పదిసార్లు చూశాను. పదిసార్లూ మోగింది. ఆ వారమే యాప్ కొత్త రూపం విడుదల చెయ్యాలి. జాబితా తగ్గించమని అందరూ నా మీద పడ్డారు. ‘మాకు కనిపించలేదు’ అని రాసి మూసేశాను. కంచే చేను మేసింది. అది చాలదన్నట్టు పిన్నికి ఫోన్ చేసి, “గంట బాగానే ఉంది పిన్నీ, నువ్వే వినిపించుకోలేదేమో” అన్నాను.

“అంతేనేమోలే. సదువుకున్నదానివి, నీకు తెలీదేటి” అంది.

ఆ తర్వాత ఆవిడ పని మానేసిందని విన్నాను. జబ్బు వల్లే అనుకున్నాను. పూండి రైల్లో ఒక్క స్టేషను. వెళ్ళలేదు. వానలు వెనకబట్టేసరికి పిన్ని పోయింది.

పెద్దకర్మ రోజున ఆవిడ కోడలు పార్వతి నా పక్కన కూర్చుంది.

“సెవులు పోనాయి, మతీ పోనాది, ఇంక గింజలేటి ఏరుతానని మానీసింది వదినా. ఆ బల్లంటే పేనం మా అత్తకి” అంటూ పిన్ని ఫోన్ నా చేతిలో పెట్టింది. ఛార్జింగ్ అడుగంటి ఉంది. మధ్యాహ్నం మందు వేళ దాటింది. గంట మోగలేదు. ఛార్జింగ్ పెట్టి, మళ్ళీ వేళ మార్చి చూశాను. మోగింది. ఛార్జింగ్ తగ్గితే ఆ రకం ఫోను మా యాప్‌ను నిద్రపుచ్చేస్తోంది. పిన్ని చెవులకు ఏమీ కాలేదు, మతికీ కాలేదు. వాళ్ళ వాకిట్లోనే కూలబడి ఏడ్చాను.

సరిచేయడానికి రెండు వరుసల కోడ్ చాలింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు. ఇప్పుడు దగ్గరి ఊళ్ళ నుంచి ఫిర్యాదు వస్తే ఆ మనిషి దగ్గరికే వెళ్ళి, ఆ ఫోనే చేతిలో పట్టుకుని చూస్తున్నాను.

మూసిన ఆ ఫిర్యాదును మళ్ళీ తెరిచాను. ఫిర్యాదుదారు దగ్గర నా పేరుంది, రాసింది నేనే కదా. దాన్ని చెరిపి నీలమ్మ అని పెట్టాను. లోపం పోయి నెలలు గడిచాయి, దాన్నిక మూయమని మిత్రులు గుర్తుచేస్తూనే ఉన్నారు. మూసేముందు ఫిర్యాదు చేసినవారిని అడగాలి. అందుకే అది ఇంకా ‘పక్కన పెట్టినవి’ వరుసలోనే ఉంది.