వేపిన తర్వాత తూచాను

తొంభైల్లో నారాయణగూడ సందులోని ఒక చిన్న ల్యాబులో పనిచేశాను. ఏడాది దాటినా నన్ను ప్లాటినం క్రూసిబుల్ ముట్టుకోనివ్వలేదు. అరచేతిలో ఇమిడే గిన్నె అది. రాతిపొడిని, అది కరగడానికి వాడే బోరేటు అనే తెల్లటి పొడితో కలిపి అందులో వేసి ఫర్నేసులో పెడితే తేనెలా కరుగుతుంది. అచ్చులో పోస్తే గాజుబిళ్ల. దాన్ని యంత్రంలో పెడితే రాయిలో ఏ మూలకం ఎంతుందో తెలుస్తుంది. కరిగించే పని కెమిస్టు మేడందే. నూరడం, జల్లించడం నావి.

ఇంటరుతో చదువు ఆగిన నాకు చిక్కడపల్లి లైబ్రరీయే కాలేజీ. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లిషు రసాయన పుస్తకాలు చదివేవాణ్ణి. గంధకమున్న రాయిని నేరుగా కరిగిస్తే ప్లాటినం పాడవుతుందని, ముందు వేపి గంధకం పోగొట్టాలని అక్కడే తెలుసుకున్నాను.

ఒకరోజు 'ఇనుప రాయి' అన్న చీటీతో వచ్చిన నమూనాలో ఇత్తడి రంగు మెరుపులు కనిపించాయి. చిటికెడు వేడిచేస్తే అగ్గిపుల్ల కాలిన వాసన.

"మేడం, ఇది గిట్లనే పెడితే క్రూసిబుల్ ఖరాబైతది. ముందుగాల పింగాణీ గిన్నెల వేపుదాం."

ఆమె వాసన చూసి నవ్వారు. "శభాష్ పండితుడా! అయితే మొత్తం నువ్వే చెయ్యి. మంచిగ చేస్తే ఇగ క్రూసిబుల్ నీకే ఇస్త."

పొడిని వేపాను. చల్లారాక ఒక గ్రాము తూచి కరిగించాను. బిళ్ల బుడగ లేకుండా వచ్చింది. ఇనుము అంకె రిపోర్టులోకి ఎక్కింది. ఇక మర్నాడు పొద్దున మేడం సంతకమే మిగిలింది.

సాయంత్రం అశోక్‌నగర్‌లోని నా గదికి పోతూ పల్లీల బండి దగ్గర ఆగాను. పాలమూరు నుంచి వచ్చిన అతను నాకు రోజూ కనిపించేవాడే.

"ఏందన్నా, పొట్లం చిన్నగైంది?"

"పచ్చియి కిలో వేపితే కిలో ఉంటయా సారూ? తూకం తగ్గదా?"

పల్లీ నోట్లోనే ఆగింది. గంధకం పోయి బరువు తగ్గిన పొడిని నేను తూచాను. నా గ్రాములో గ్రాముకంటే ఎక్కువ రాయి పట్టింది; అసలు రాయిలో ఇనుము అంత లేదు.

పొద్దున్నే మేడం పెన్ను తీస్తుంటే చెప్పాను. "జర ఆగుండ్రి మేడం. అంకె తప్పు."

"క్రూసిబుల్ పోయిందా?"

"అది మంచిగనే ఉన్నది. నేనే వేపినంక తూచిన. తూచినంక వేపాలె."

"నీ పుస్తకంల రాయలేదా గది?"

"రాసే ఉంటది. నేనే ఆ పేజీ దాక పోలె."

ఆమె రిపోర్టు చింపేశారు. తర్వాత బ్యాగు భుజానికి తగిలించుకున్నారు.

"నేను బ్యాంకుకు పోయొస్త. మళ్ల చెయ్యి. కరిగేటప్పుడు నడుమల క్రూసిబుల్ తిప్పుడు మర్చిపోకు."

తలుపు మూసుకుంది. పచ్చి పొడిని ఒక గ్రాము తూచి, అంకె రెండుసార్లు చూసి రాసుకున్నాను. ఆ గ్రాము మొత్తాన్ని వేపి, కుంచెతో రేణువు మిగలకుండా క్రూసిబుల్‌లోకి దులిపాను. బోరేటు కలిపి పటకారుతో ఫర్నేసులో పెట్టాను, నడుమ తిప్పడం మర్చిపోలేదు.