పూజకు పొట్టి తుపాకీ

సూర్యకుమారి జన్మలో తుపాకీ ముట్టుకోలేదు. దీపావళికి కాకరపువ్వొత్తి వెలిగించమన్నా చెయ్యి బారెడు చాపి, మొహం అటు తిప్పుకుంటుంది. అలాంటి మనిషి అమెరికాలో ఎవరి తుపాకీ గొట్టం ఎంత పొట్టిగా ఉండొచ్చో చెప్పి జీతం తీసుకుంటుంది. నమ్మకపోతే సింగపూర్ సైన్స్ పార్కుకు రండి, చూపిస్తాను. ఆవిడ పక్క కుర్చీ నాదే.

మా ఆఫీసు అమెరికాలోని తుపాకుల దుకాణాలకు హెల్ప్‌లైన్ నడుపుతుంది. అక్కడ సాయంత్రమయ్యేసరికి మనకు పొద్దున. కొట్టువాళ్లు ఫోన్ చేసి రూల్స్ అడుగుతారు, మేం చెబుతాం. రైఫిల్ గొట్టం పదహారు అంగుళాలకు తగ్గిందంటే అక్కడ దాని సంగతే వేరు. కొయ్యాలంటే ముందు సర్కారు అనుమతి కావాలి. కోసినదాన్ని రాష్ట్రం దాటించాలంటే మళ్లీ అనుమతి. ఇంకొకరి చేతిలో పెట్టాలంటే ఇంకో అనుమతి. అవతలి రాష్ట్రం అసలు దాన్ని రానిస్తుందా లేదా అన్నది మరో తలనొప్పి. నేనైతే మూడో ఫోనుకే పళ్లు నూరుతాను. సూర్యకుమారి మాత్రం "ముందు అనుమతి సార్, తర్వాతే రంపం" అని పసిపిల్లాణ్ణి జోకొట్టినట్టు చెబుతుంది. ఆవిడ గొంతు వినడానికే ఫోన్ చేసే టెక్సాస్ ముసలాయన ఒకాయన ఉన్నాడు కూడా.

కొంప ముంచింది మా ఆఫీసు కుర్రాడు శ్రీనాథ్. దసరాకు ఆయుధపూజ అని సూర్యకుమారి ఏటా ఆఫీసు లాప్‌టాప్‌కు బొట్టు పెడుతుంది. ఈసారి వాడు ఊరుకోకుండా, "అక్కా, లాప్‌టాప్ కంపెనీది. నీకు అన్నం పెడుతున్నది తుపాకీ కదా! బొట్టు దానికి పెట్టాలి" అన్నాడు. వాడు నవ్వుతాలకు అన్నాడు. ఈవిడ నవ్వలేదు. అమలాపురంలో వాళ్ల నాన్న ట్రాక్టరుకూ, అమ్మ కుట్టుమిషనుకూ పూజ కానిదే పండగనాడు పచ్చి మంచినీళ్లు ముట్టరట.

"నిజమేనే సుస్మితా! ఆరేళ్లుగా దాని తిండి తింటున్నాను. ఒక్క పువ్వయినా పెట్టలేదు" అంటూ నా వైపు తిరిగి కళ్లనీళ్లు పెట్టుకుంది.

నాకు ఒళ్లు మండింది. "సింగపూర్‌లో తుపాకీకి పూజ చేస్తే, నిన్ను లోపలేసి నీకు చేస్తారు పూజ" అన్నాను.

"చెక్కదేనే బాబూ. బొమ్మ!"

చెక్క అంటే యర్రయ్య అంకుల్. ఆంగ్ మో కియోలో ఉంటాడు. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఓడల పనిలో వడ్రంగిగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఆయన ఏదడిగినా మనవలు సరేలే అన్నట్టు "కెన్ లా, తాతా" అని ఊరుకుంటారు తప్ప తెలుగు ముక్క మాట్లాడరు. ఒకసారి తిండికొట్లుండే హాకర్ సెంటర్లో సూర్యకుమారి టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసుకున్న, అంటే చోటు ఆపుకున్న, బల్ల దగ్గరే ఈయనా కూర్చున్నాడు. ఆవిడ ఫోన్లో చెల్లెలితో పోట్లాడుతోంది. ఫోన్ పెట్టేయగానే, "అమ్మాయ్, ఇంకాస్త పోట్లాడు. తెలుగు విని చాన్నాళ్లయింది" అన్నాడట. ఆనాటి నుంచి ఆవిడ ఇంట్లో చేపల పులుసు కాగితే ఒక డబ్బా ఆయనది.

పూజకు తుపాకీ అనగానే ఆయన ఎగిరి గంతేశాడు. "బాగుస్! భేష్! నన్ను తెలుగులో ఓ వస్తువు చెయ్యమని అడిగినవాళ్లు మా అమ్మ తర్వాత నువ్వే!" అన్నాడు. సరిహద్దు అవతల మలేషియాలో, జొహోర్‌లో ఆయన బావమరిదికి చెక్కపని షెడ్డుంది. రోజూ అక్కడికి వెళ్లడం, మకాన్, అంటే భోజనం, అక్కడే కానిచ్చుకోవడం, పని చేసుకోవడం. టేకు మడమ, గొట్టానికి ఇనుప పైపు, పైన నల్లరంగు. ఫోటోలో అచ్చం నిజందే అనిపించింది. అదే చెప్పాను కూడా. ఎవరు వింటారు?

దసరా ముందు రోజు పొద్దున్న సూర్యకుమారి టెక్సాస్ ముసలాయనతో మాట్లాడుతోంది. "వద్దు సార్, గొట్టం మీద ఇప్పుడే చెయ్యి వెయ్యకండి. అనుమతి రానివ్వండి." ఇంతలో ఆవిడ సొంత ఫోన్ మోగింది. యర్రయ్య అంకుల్. ముసలాయన్ని మ్యూట్‌లో పెట్టి ఎత్తింది.

"అమ్మాయ్, గొట్టం పొడుగైపోయింది. సంచిలో పట్టట్లా. బస్సులో బయటికి కనబడితే జనం జడుసుకుంటారు గదా?"

"కోసేయండి అంకుల్!"

ఆ మాట అనేసి, మ్యూట్ తీసి, "సారీ సార్, ఎక్కడున్నాం? ఆ, అస్సలు కొయ్యకూడదు" అంది. పక్కనుండి రెండూ విన్నది నేను. ఎదుటివాళ్లకు చెప్పేటందుకే నీతులని ఊరికే అనలేదు పెద్దలు. గబుక్కున ఆవిడ భుజం గిల్లాను. ఈగను తోలినట్టు తోలేసింది.

మధ్యాహ్నం భోజనాల వేళకు సరిహద్దులోని వుడ్‌ల్యాండ్స్ చెక్‌పాయింట్ నుంచి ఫోన్. సంచి మెషీన్లోకి వెళ్లిందట, తెర మీద పొట్టి తుపాకీ తేలిందట. పెద్దాయన్ని ఆపి కూర్చోబెట్టారు. సూర్యకుమారి చేతిలో పెరుగన్నం డబ్బా అలాగే ఉండిపోయింది. "నా మూలానే! డెబ్బై ఎనిమిదేళ్ల మనిషే! లోపలేస్తే ఏం కానూ?" అంటూ టాక్సీలో దారి పొడుగునా ఏడ్చింది. తిట్టాలని నోటిదాకా వచ్చింది కానీ, డ్రైవరును తొందరపెట్టడంతోనే నాకు సరిపోయింది. బొమ్మ తుపాకీ అయినా ఇక్కడ పోలీసు అనుమతి లేకుండా సరిహద్దు దాటించకూడదు.

గదిలో యర్రయ్య అంకుల్ ఇస్త్రీ చొక్కాతో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒద్దికగా కూర్చున్నాడు. బల్ల మీద తుపాకీ. ఎదురుగా ఒక తమిళ ఆఫీసరు, కుర్రవాడే.

"ఈ గొట్టం ఎవరు కొయ్యమన్నారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"నా బుద్ధే సార్. వేరే ఎవరూ లేరు" అన్నాడు అంకుల్, సూర్యకుమారి వైపు చూడకుండా.

"వస్తువు ఎవరిది?"

సూర్యకుమారి కన్నీళ్లు తుడుచుకుని, హెల్ప్‌లైన్ గొంతుతో టకటకా చెప్పేసింది. "చేసినవాళ్లదే సార్. ఇంకా చేతులు మారలేదు. కొయ్యడానికి ముందు ఒకటి, సరిహద్దు దాటడానికి ముందు ఒకటి అనుమతి తీసుకోవాల్సిన బాధ్యత పూర్తిగా చేసినవాళ్లదే."

నేను నెత్తి కొట్టుకున్నాను. ఈవిడే స్వయంగా పెద్దాయన్ని పట్టి ఇచ్చేసింది! యర్రయ్య అంకుల్ మాత్రం, "అవునవును, అమ్మాయి కరెక్టుగా చెప్పింది" అని గర్వంగా తల ఊపుతున్నాడు.

సూర్యకుమారి నాలుక కరుచుకుంది. మొహం కందగడ్డ అయిపోయింది. రెండడుగులు ముందుకు వేసి, ఆరేళ్ల ఉద్యోగంలో ముట్టుకోని ఆ వస్తువు మీద అరచెయ్యి ఆనించింది. "కాదు సార్. ఇది నాది. చెయ్యమన్నది నేను, కొయ్యమన్నది నేను. ఈయన్ని వదిలేయండి. నన్ను కూర్చోబెట్టండి" అంది. అరచెయ్యి మాత్రం దాని మీంచి తియ్యలేదు.

"రూల్స్ ఇంత బాగా తెలుసు, మరి ఎందుకు తెప్పించారు?"

"రేపు ఆయుధపూజ సార్."

ఆఫీసరు కాసేపు కళ్లు మూసుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "మా అమ్మ కూడా నా సర్వీసు పిస్టల్‌కి బొట్టు పెడతానని ఏటా గొడవ. ఇంటికి తేకూడదమ్మా అని నేనూ ఏటా చెబుతున్నాను" అన్నాడు. లోపలికి వెళ్లి పైవాళ్లతో మాట్లాడి వచ్చాడు. వస్తువు ఇక్కడే ఉండిపోతుంది, ఈసారికి గట్టి హెచ్చరికతో వదులుతున్నాం, ఇంకోసారి ఇలా చేస్తే కేసే అన్నాడు.

సూర్యకుమారి ఆయనకు దండం పెట్టింది. యర్రయ్య అంకుల్ లేవలేదు.

"సార్, ఒక మాట. పని ఎట్లా కుదిరింది?"

ఆఫీసరు తుపాకీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చాలా బాగా కుదిరింది అంకుల్. అదే వచ్చిన చిక్కు."

ఇక పట్టుకోండి ఆయన్ని! బస్సెక్కిన దగ్గర్నుంచి ప్రతివాడికీ అదే కథ. "నా పని గవర్నమెంటు దాచిపెట్టుకుంది, తెలుసా?" పక్క సీటులో చైనా బామ్మకు కూడా చెప్పాడు. ఆవిడ "వా, సో క్లెవర్ లా!" అంది. సూర్యకుమారి ఏడుస్తూ నవ్వుతూ ఆయన చొక్కా చెయ్యి పట్టుకునే కూర్చుంది. భయం వదిలేసరికి నాకూ వెర్రినవ్వు పట్టుకుని స్టాపు దాటిపోయాం.

మర్నాడు సాయంత్రం జురాంగ్ ఈస్ట్‌లో సూర్యకుమారి ఫ్లాట్‌లో పూజ. పీట మీద ఆవిడ హెడ్‌సెట్, అంకుల్ పాత రంపం. రెండింటికీ పసుపు, కుంకుమ, చామంతులు. అన్నీ అయ్యాక సూర్యకుమారి, "అంకుల్, చేతులు చాపండి" అంది. ఆ కాయలు కాసిన అరచేతుల్లో ఒక్కో బొట్టు పెట్టింది. "నాకోసం అబద్ధం ఆడిన నోటికి కూడా పెట్టాలి, పులిహోర తినాలి కదా అని ఊరుకుంటున్నాను" అంది. ఆయన ఆ చేతులను చాలాసేపు చూసుకున్నాడు. కుంకుమ చెరిగిపోతుందని, నన్నే తినిపించమన్నాడు.

నాలుగు ముద్దలు పడ్డాక ఊపిరి పీల్చుకుని, "అమ్మాయ్, మరి వచ్చే ఏటికి ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

"ఏమీ వద్దు!" అని అరిచాను నేను.

"కూర్చునే పీట చెయ్యండి అంకుల్" అంది సూర్యకుమారి.

"అట్లాగే. సంచిలో పట్టకపోతేనో?"

"కొయ్యకండి! నాకు ఫోన్ కూడా చెయ్యకండి!"